మూడ్ జబ్బులు, తిండి జబ్బుల మీద పరిశోధన: నెల్లూరు, ప్రకాశం విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు, ఒంగోలు మెడికల్ కాలేజీల్లో చదివేవాళ్లు, డిగ్రీలో సైకాలజీ తీసుకున్నవాళ్లు, వాళ్ల అమ్మానాన్నలు ఎక్కువగా అడిగే ప్రశ్నలివి. చాలామంది ‘ఏ కోర్సు, ఎన్నేళ్లు’ అని మొదలుపెట్టి, చివరికి ‘పని ఎలా చేయాలి’ అన్న దగ్గరికి వస్తారు. అందుకే జవాబుల్లో సింహభాగం పనికే ఇచ్చాం. ఇంట్లో ఎవరికో బాగాలేక వెతుకుతూ వచ్చినవాళ్లు ముందు చివరి ప్రశ్న చదవండి.

డిప్రెషన్, బైపోలార్ ఒక రకం. తిండి జబ్బులు (ఈటింగ్ డిజార్డర్లు) ఇంకో రకం. రెండూ కలిపి ఎందుకు చదవాలి?

ఒకే మనిషిలో కలిసి వస్తాయి కాబట్టి. ఒకదాన్నే చూస్తూ కూర్చుంటే రెండోది చేజారుతుంది. డిప్రెషన్‌లో కొందరికి ఆకలి చచ్చిపోతుంది, కొందరు రాత్రిళ్లు లేచి ఆబగా తింటారు. బైపోలార్‌లో విపరీతమైన హుషారు ముంచెత్తే దశని మేనియా అంటారు, అందులో ఉన్న మనిషికి కంచం ముందు కూర్చునే నిలకడే ఉండదు. బైపోలార్‌కి ఇచ్చే ఒలాంజపిన్, వాల్‌ప్రోయేట్ లాంటి మందులు ఒళ్లు పెంచుతాయి. ఒళ్లు వచ్చిందని మాత్ర మానేస్తే మూడ్ జబ్బు తిరగబెడుతుంది. బ్యూప్రోపియాన్ అనే డిప్రెషన్ మందుని బులీమియా (ఆబగా తిని వాంతి చేసుకోవడం లాంటివి చేసే జబ్బు), అనొరెక్సియా (తిండి తగ్గించి బాగా చిక్కిపోయే జబ్బు) ఉన్నవాళ్లకి ఇవ్వకూడదు, ఫిట్స్ వచ్చే ప్రమాదం ఎక్కువ. ఫ్లూఓక్సెటిన్ డిప్రెషన్‌కి మామూలుగా 20 మిల్లీగ్రాములతో మొదలవుతుంది, బులీమియాలో పనిచేసినట్టు తేలిన మోతాదు 60. కేసు షీటులో మందు పేరు రాసి మోతాదు వదిలేస్తే ఆ సమాచారం తర్వాత దేనికీ పనికిరాదు.

ఇంతకంటే లోతైన కారణం ఒకటి ఉంది. 1944 నవంబరులో అమెరికాలోని మిన్నెసోటా యూనివర్సిటీలో ఆన్సెల్ కీస్ బృందం 36 మంది ఆరోగ్యవంతులైన యువకులతో ఒక ప్రయోగం మొదలుపెట్టింది. అందులో 24 వారాల పాటు వాళ్లకి రోజుకి సుమారు 1570 క్యాలరీలే ఇచ్చారు. ఒంటి బరువులో దాదాపు నాలుగో వంతు పోయింది. పోయింది బరువొక్కటే కాదు. ముందు ఏ మానసిక జబ్బూ లేనివాళ్లు దిగులు పడ్డారు, చీటికీమాటికీ చిరాకు పడ్డారు, నలుగురిలో కలవడం మానేశారు. కొందరు వంటల పుస్తకాలు పోగుచేసుకున్నారు. తిండి మళ్లీ పెంచాక కొందరికి ఎంత తిన్నా ఆగలేదు. అంటే తిండి తగ్గడమే దిగులు తెచ్చిపెడుతుంది. చిక్కిపోయిన అమ్మాయికి డిప్రెషన్ మార్కులు ఎక్కువ వస్తే అది విడి జబ్బా, ఆకలి చేసిన పనా అన్నది ఆ రోజు తేలదు. తూకం కోలుకున్నాక మళ్లీ కొలవాలి. ఆ రెండో కొలత లేని పరిశోధన ఏది ముందు, ఏది వెనక అని చెప్పలేదు.

కొలిచే సాధనాల్లోనే చిక్కు ఉంది. 1960లో మ్యాక్స్ హామిల్టన్ తయారుచేసిన డిప్రెషన్ స్కేలు 17 అంశాల రూపంలో ఆకలికి 2, బరువు తగ్గడానికి 2, మొత్తం 4 మార్కులు తిండి జబ్బుకే పడిపోవచ్చు. తొమ్మిది ప్రశ్నల డిప్రెషన్ ప్రశ్నావళి పీహెచ్‌క్యూ-9లో ఐదో ప్రశ్న ‘ఆకలి లేకపోవడం లేదా అతిగా తినడం’ అని రెంటినీ ఒకే ప్రశ్నలో కట్టేసింది. అక్కడ 3 పడితే ఏ వైపో తెలియదు. కాబట్టి మొత్తం మార్కులతో పాటు అంశాలవారీ మార్కులు కూడా కంప్యూటర్‌లో ఎక్కించండి. ఆకలి, బరువు, నిద్ర అంశాలు తీసేసి మరోసారి లెక్కకట్టి చూడండి.

ఇవి పట్నాల జబ్బులు కదా? ఉదయగిరిలో, కనిగిరిలో ఎవరికి వస్తాయి?

పాఠ్యపుస్తకంలో ఉన్న రూపంలో వెతికితే కనపడవు. అనొరెక్సియా నెర్వోసాని 1873 ప్రాంతంలో లండన్‌లో విలియం గల్, ప్యారిస్‌లో లాసెగ్ వర్ణించారు. బులీమియా నెర్వోసాకి ఆ పేరు పెట్టి 30 మంది రోగుల వివరాలు ప్రచురించింది జెరాల్డ్ రసెల్, 1979లో. బింజ్ ఈటింగ్ డిజార్డర్ (అదుపు లేకుండా ఆబగా తినే జబ్బు) విడి జబ్బుగా డీఎస్‌ఎం-5లోకి, అంటే అమెరికా సైకియాట్రీ సంఘం జబ్బుల నిర్వచనాల పుస్తకంలోకి, వచ్చింది 2013లోనే. ఈ వర్ణనలన్నీ పడమటి దేశాల ఆసుపత్రుల్లో పుట్టినవి. 1990ల్లో హాంకాంగ్‌లో సింగ్ లీ చూసిన అనొరెక్సియా రోగుల్లో చాలామందికి ‘లావైపోతానేమో’ అన్న భయమే లేదు, కడుపు ఉబ్బరం వల్ల తినలేకపోతున్నాం అన్నారు. 1995లో ఢిల్లీ నుంచి ఐదుగురు యువతుల కేసులు ప్రచురించినవాళ్లు కూడా పడమటి వర్ణనకీ మన రోగులకీ తేడా ఉందనే రాశారు.

మన జిల్లాల్లో వినపడే మాటలు ఇవి: ‘తినబుద్ధి కావట్లా’, ‘రెండు ముద్దలకే కడుపు ఉబ్బరిస్తాంది’, ‘గొంతులో అడ్డం పడతాంది’, ‘నరాల బలహీనత’. అందుకే మొదట గ్యాస్ డాక్టరు దగ్గరికి, తర్వాత ఎండోస్కోపీకి, ఆ పైన థైరాయిడ్ పరీక్షకి పోతారు. అది తప్పేమీ కాదు. టీబీ, థైరాయిడ్, షుగర్, పేగుల జబ్బు లేవని తేలకుండా తిండి జబ్బు అనడమే తప్పు. చిక్కేమిటంటే, రిపోర్టులన్నీ నార్మల్ వచ్చాక ‘ఏమీ లేదమ్మా’ అని ఇంటికి పంపేయడం. పరిశోధకుడికి పని మొదలయ్యేది అక్కడే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఐసీడీ-11లో అనొరెక్సియాకి 6బీ80, బులీమియాకి 6బీ81, బింజ్ ఈటింగ్‌కి 6బీ82, ఒంటి ఆకారం గురించి బెంగ లేకుండా తిండి తగ్గించేవాళ్లకి 6బీ83 అని కోడ్‌లున్నాయి. ఏ కోడ్ వేసినా, దానికి ఆధారమైన మాట రోగి ఏ యాసలో అంటే ఆ యాసలోనే పక్కన రాసిపెట్టండి. పదేళ్ల తర్వాత నిర్వచనం మారినా ఆ మాట మారదు.

ఆంధ్రలో ఎంతమందికి ఉన్నాయో జాతీయ సర్వే లెక్క ఉందిగా?

2015-16లో బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ నడిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది. వాటిలో ఆంధ్రప్రదేశ్ లేదు. ఆ సర్వే చెప్పిన 10.6 శాతం ఆ 12 రాష్ట్రాల పెద్దల్లో అప్పటికి ఏదో ఒక మానసిక జబ్బు ఉన్నవాళ్ల లెక్క. దాన్ని థీసిస్‌లో ‘మన రాష్ట్రంలో’ అని రాయకండి.

ఇంటర్ బైపీసీ అయ్యాక దారి ఎలా ఉంటుంది?

నీట్, ఎంబీబీఎస్ నాలుగున్నరేళ్లు, హౌస్ సర్జన్సీ ఒక ఏడాది. తర్వాత నీట్ పీజీ రాసి సైకియాట్రీలో ఎండీ మూడేళ్లు. బెంగళూరు నిమ్హాన్స్, మంగళగిరి ఎయిమ్స్ లాంటి చోట్లకి విడిగా ఐఎన్‌ఐ-సెట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. పీజీ సీటు కోసం ఒక ఏడాది పోయిందనుకున్నా 28 ఏళ్లకి ఎండీ చేతికొస్తుంది. ఆ పైన సీనియర్ రెసిడెన్సీ. సొంతంగా ప్రాజెక్టు నడిపే స్థాయికి ముప్పై దాటుతుంది. ఇంట్లోవాళ్లకి ఈ లెక్క ముందే చెప్పి ఒప్పించుకోండి. సగంలో ‘ప్రాక్టీసు పెట్టుకోవచ్చుగా’ అన్న పోరు మొదలైతే పరిశోధనే ముందు ఆగిపోతుంది.

మన దేశంలో చైల్డ్ సైకియాట్రీకి, వ్యసనాల సైకియాట్రీకి డీఎం (ఎండీ తర్వాతి సూపర్ స్పెషాలిటీ కోర్సు) ఉన్నట్టు తిండి జబ్బులకి డీఎం కోసం చూస్తూ కూర్చోవద్దు. మూడ్ జబ్బులు లేదా పిల్లల సైకియాట్రీ యూనిట్‌లో చేరి, అక్కడికొచ్చే తిండి జబ్బు కేసులు వదలకుండా చూడటమే ఆచరణలో ఉన్న దారి.

డాక్టరీ చదవకుండా ఈ రంగంలోకి రావచ్చా?

రావచ్చు. సైకాలజీ, సోషల్ వర్క్, నర్సింగ్, న్యూట్రిషన్, స్టాటిస్టిక్స్ చదివినవాళ్లు లేకుండా తిండి జబ్బుల పరిశోధన ఒక్క అడుగు కూడా వెయ్యదు. ఒక్క జాగ్రత్త: దూరవిద్యలో ఎంఏ సైకాలజీ చేసినంత మాత్రాన క్లినికల్ సైకాలజిస్టు కారు. చికిత్స చేయాలంటే రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిన కోర్సు చేసి అక్కడ రిజిస్టర్ కావాలి. ఫీజు కట్టకముందే ఆ జాబితాలో కాలేజీ పేరు, ఆ ఏడాది సీట్లు చూసుకోండి.

ఎంబీబీఎస్‌లో ఉండగానే ఏం మొదలుపెట్టొచ్చు?

ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్‌కి దరఖాస్తు చేయండి. సొంత కాలేజీలోని గైడ్ కింద రెండు నెలల చిన్న ప్రాజెక్టు. ఎక్కువమంది పొరపాటు పెద్ద ప్రశ్న ఎత్తుకోవడం. రెండు నెలల్లో ‘సోషల్ మీడియా వల్ల డిప్రెషన్ వస్తుందా’ తేలదు. ‘సైకియాట్రీ ఓపీకి డిప్రెషన్‌తో కొత్తగా వచ్చినవాళ్లలో ఎంతమందికి తూకం నమోదైంది’ అన్నది తేలుతుంది, ఆ జవాబు డిపార్టుమెంటుకి వెంటనే ఉపయోగపడుతుంది కూడా.

ఎండీ థీసిస్‌కి ఎంతమంది కావాలి? అందరూ 100 అని రాస్తారు, సరిపోదా?

100 అన్నది లెక్క కాదు, అలవాటు. ఒక సమస్య ఎంత శాతం మందిలో ఉందో తెలుసుకోవాలంటే సూత్రం సులువు: 3.84ని శాతంతో గుణించి, 100లోంచి ఆ శాతం తీసేయగా మిగిలిన దానితో గుణించి, తట్టుకోగల తేడా వర్గంతో భాగించాలి. హాస్టల్ విద్యార్థుల్లో 10 శాతం ఉంటుందని అనుకుని, 3 శాతం అటూఇటూ చాలనుకుంటే 384 మంది. అయితే వాళ్లని గదులవారీగా, సెక్షన్లవారీగా ఎంచుకుంటే ఒకే సెక్షన్ పిల్లలు ఒకేలా ఉంటారు. సెక్షన్‌కి 20 మంది, ఒకే సెక్షన్ పిల్లల మధ్య పోలిక (ఇంట్రాక్లస్టర్ కోరిలేషన్) 0.02 అనుకుంటే 1 + 19 × 0.02, అంటే 1.38తో హెచ్చించాలి, 530 అవుతుంది. పదిమందిలో ఒకరు ఒప్పుకోరు కాబట్టి 589 మందిని అడగాలి. ఇంతమందిని ఒక్కరే ఎండీ మధ్యలో చూడలేరనిపిస్తే ప్రశ్నని చిన్నది చేయండి, సంఖ్యని కాదు.

డిప్రెషన్ రోగులనే తీసుకునే థీసిస్ అయితే ఇంకో గోతి ఉంది. డీఎస్‌ఎం-5 ప్రకారం మేనియాకి 7 రోజులు, దాని తేలికపాటి రూపమైన హైపోమేనియాకి 4 రోజులు చాలు. రోగికి అది జబ్బుగా గుర్తుండదు, ‘అప్పుడు బాగానే ఉన్నా’ అంటారు. కాబట్టి ఇంటివాళ్లని విడిగా అడగండి: ఎప్పుడైనా కొన్ని రోజుల పాటు నిద్ర లేకపోయినా హుషారుగా తిరిగాడా, ఎడతెగకుండా మాట్లాడాడా, అప్పు చేసి ఖర్చుపెట్టాడా? ఈ మూడు ప్రశ్నలు వదిలేస్తే బైపోలార్ వాళ్లు డిప్రెషన్ గుంపులో చేరి ఫలితం కలుషితమవుతుంది.

ప్రశ్నావళిని తెలుగులోకి ఎలా తేవాలి?

ఈ పని అందరూ వారంలో ముగించేస్తారు. మన దగ్గర పరిశోధన పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే.

వరస ఇది. ముందు స్కేలు హక్కుదారుల అనుమతి. పీహెచ్‌క్యూ-9 లాంటివాటికి అనుమతి అక్కర్లేదు. తర్వాత ఇద్దరు విడివిడిగా అనువదించాలి, ఒకరు వైద్యం తెలిసినవారు, ఒకరు తెలియనివారు. రెంటినీ కలిపి ఒకటి చేయాలి. మూలం చూడని మూడో మనిషి దాన్ని తిరిగి ఇంగ్లీషులోకి మార్చాలి. తేడాలు కూర్చుని సరిచేసుకోవాలి. ఆ తర్వాత ఎనిమిది పదిమందిని కూర్చోబెట్టి ‘ఈ ప్రశ్న మీకేం అర్థమైంది, మీ మాటల్లో చెప్పండి’ అని అడగాలి. చివరికి 30 మందితో పైలట్. ఎనిమిది పదిమందితో కూర్చునే ఆ ఒక్క మెట్టు వదిలేస్తే మిగతావన్నీ చేసినా లాభం లేదు.

ఎందుకో 1999లో వచ్చిన స్కాఫ్‌తో చూడండి, అది తిండి జబ్బుల్ని పసిగట్టే ఐదు ప్రశ్నల స్కేలు. మొదటి ప్రశ్నని మక్కీకి మక్కీ మారిస్తే ‘మీకు మీరే జబ్బు చేసుకుంటారా’ అని వస్తుంది. అక్కడ అసలు అడిగేది వాంతి గురించి: ‘కడుపు నిండి ఇబ్బందిగా ఉందని కావాలని వాంతి చేసుకుంటారా?’ మూడో ప్రశ్నలో మూడు నెలల్లో ఒక స్టోన్ కంటే ఎక్కువ బరువు తగ్గారా అని ఉంటుంది, స్టోన్ అంటే సుమారు 6.35 కిలోలు. చివరి ప్రశ్న ‘మీ జీవితంలో తిండిదే పెత్తనమా’ అన్న అర్థంలో ఉంటుంది. తెల్లవారుజామున నాలుగింటికి లేచి ఐదుగురికి క్యారేజీలు కట్టే ఇల్లాలు దానికి ‘అవును’ అనకుండా ఎలా ఉంటుంది? ‘రోజులో ఎక్కువసేపు ఏం తినాలి, ఏం తినకూడదు అన్న ఆలోచనే తిరుగుతూ వేరే పనులు ఆగిపోతున్నాయా’ అని అడిగితే దారిలో పడుతుంది.

‘కాస్త ఒళ్లు చేశావే’ అన్నది మన పల్లెల్లో మెచ్చుకోలు. ‘డైటింగ్’ అంటే చాలామందికి షుగర్ పత్యం. ‘బెంగ’ ఎవరో దగ్గర లేరని పడేది, ‘దిగులు’ అలా కాదు, కారణం లేకుండా కూడా కమ్ముతుంది. డిప్రెషన్ ప్రశ్నలో ఒకటి బదులు ఇంకొకటి వేస్తే హాస్టల్లో చేరిన మొదటి నెల పిల్లలందరికీ మార్కులు పడతాయి. ఇక బింజ్ అంటే ఎక్కువ తినడం మాత్రమే కాదు. పెళ్లి భోజనంలో అందరూ ఎక్కువే తింటారు. ‘ఆపుదామనుకున్నా చెయ్యి ఆగలేదా’ అన్నది కలిపి అడిగితేనే అది బింజ్.

ఉపవాసం సంగతి విడిగా చెప్పాలి. తిండి జబ్బుల ప్రశ్నావళి ఈడీఈ-క్యూ గత 28 రోజుల గురించి అడుగుతుంది, మెలకువగా ఉండగా 8 గంటలు ఏమీ తినకుండా గడిపిన రోజులు కూడా అందులో ఉన్నాయి. కార్తీకమాసంలోనో, రంజాన్‌లోనో సేకరిస్తే ఒక్కపొద్దులు, రోజాలు అన్నీ అందులో పడతాయి. ప్రశ్నలోనే ‘సన్నబడాలని’ అన్న మాట స్పష్టంగా ఉండాలి, సేకరించిన తేదీ ఫారం మీద ఉండాలి. అలాగని ఒక్కపొద్దు అన్న ప్రతిదాన్నీ పక్కన పెట్టేయకండి. శనివారం ఒక్కటే ఉండే పొద్దు మంగళవారానికి, గురువారానికి పాకిందా, సాయంత్రం పొద్దు విడిచేటప్పుడు ఇంట్లోవాళ్లతో కలిసి ఇష్టంగా తింటుందా అని అడిగితే భక్తి ఏదో జబ్బు ఏదో చాలావరకు తెలిసిపోతుంది.

స్క్రీనింగ్‌లో పాజిటివ్ వస్తే జబ్బు ఉన్నట్టేనా?

కాదు. ఉదాహరణకి వెయ్యి మందిలో నిజంగా జబ్బు ఉన్నది 20 మందికి అనుకుందాం. పరీక్ష 85 శాతం రోగులని పట్టుకుని, 90 శాతం ఆరోగ్యవంతులని సరిగ్గా వదిలేస్తుందనుకుందాం. రోగుల్లో 17 మంది పాజిటివ్. ఆరోగ్యంగా ఉన్న 980 మందిలో కూడా 98 మంది పాజిటివ్. మొత్తం 115 మందిలో నిజం 17, అంటే సుమారు 15 శాతం. పాజిటివ్ వచ్చినవాళ్లందరినీ, నెగెటివ్ వచ్చినవాళ్లలో కొందరినీ ఇంటర్వ్యూ చేయాలి. లేకపోతే ‘నెల్లూరు హాస్టళ్లలో పదకొండు శాతానికి తిండి జబ్బు’ అన్న వార్త పుడుతుంది, అది అబద్ధం.

తూకం, రక్త పరీక్షల్లో ఏం తప్పులు జరుగుతాయి?

తూకం యంత్రం గట్టి నేల మీద ఉండాలి, పరుపు మీద, చాప మీద కాదు. వారానికోసారి తెలిసిన బరువు పెట్టి సరిచూడాలి. ప్రతిసారీ ఒకే వేళ, పలచటి బట్టల్లో, మూత్రానికి వెళ్లొచ్చాక తూచాలి. ఎత్తు కొలిచేటప్పుడు కొప్పు, పూలు తీయించండి. రెండు సెంటీమీటర్ల కొప్పు బీఎంఐని (ఎత్తుకి తగ్గ బరువు లెక్క) తగ్గించి చూపిస్తుంది. 18 ఏళ్ల లోపువాళ్లకి పెద్దల బీఎంఐ గీతలు వాడకూడదు, పిల్లల డాక్టర్ల సంఘం ఐఏపీ 2015 చార్టుల్లో వయసు ప్రకారం చూడాలి.

వాంతులు చేసుకునేవాళ్లలో పొటాషియం పడిపోతుంది, గుండె లయ తప్పుతుంది. కానీ గిద్దలూరులో తీసిన శాంపిల్ ఎండలో కుదుపుల మధ్య ఒంగోలు చేరేసరికి ఎర్రకణాలు పగిలి పొటాషియం బయటికొస్తుంది. అసలు 2.8 ఉన్నది 3.8గా కనపడొచ్చు, అంటే ప్రమాదం దాగిపోతుంది. తీసిన చోటే సెంట్రిఫ్యూజ్ చేసి సీరం వేరుచేసి పంపాలి. షుగర్‌కి ఫ్లోరైడ్ ట్యూబ్ వాడాలి. ఇంకోమాట: పొటాషియం నార్మల్ అయితే జబ్బు లేనట్టు కాదు.

లిథియం తీసుకునేవాళ్లని పరిశోధనలో చేర్చుకుంటే?

1949లో జాన్ కేడ్ మేనియాలో దీని పని గమనించినప్పటినుంచి బైపోలార్‌కి ఇంతగా నిలబడిన మందు ఇంకోటి లేదు. దీనికి భయపడనక్కర్లేదు. జాగ్రత్త మాత్రం గట్టిగా ఉండాలి. రక్తం చివరి మోతాదు తర్వాత 12 గంటలకి తీయాలి. మోతాదు మార్చాక 5 నుంచి 7 రోజులు ఆగాలి. ఎక్కువమందికి రక్తంలో లీటరుకి 0.6 నుంచి 0.8 మిల్లీమోల్ చాలు, కొందరికి 1.0 దాకా. ల్యాబ్‌లో జరిగే వింత తప్పు ఒకటుంది: ఆకుపచ్చ మూత ఉన్న లిథియం హెపారిన్ ట్యూబులో శాంపిల్ తీయడం. ట్యూబులోని లిథియమే లెవెల్ పెంచేస్తుంది. రోగి బాగానే ఉండి రిపోర్టు భయపెడితే ముందు ట్యూబు అడగండి.

మన ప్రాంతంలో రోహిణీకార్తె ఎండలు లిథియానికి శత్రువులు. ఒంట్లో నీరు, ఉప్పు తగ్గినప్పుడు కిడ్నీ సోడియంతో పాటు లిథియాన్ని కూడా వెనక్కి లాక్కుంటుంది. విరేచనాలు, వాంతులు, కఠిన ఉపవాసం, ఉన్నట్టుండి ఉప్పు మానేయడం, మోకాళ్ల నొప్పికి మెడికల్ షాపులో కొన్న డైక్లోఫెనాక్, ఇవన్నీ లెవెల్ పెంచుతాయి. చేతులు ముతకగా వణకడం, నడక తూలడం, మాట ముద్దరావడం, వాంతులు కనపడితే తర్వాతి మోతాదు ఆపి అదే రోజు ఆసుపత్రికి రావాలని అచ్చ తెలుగులో కార్డు మీద రాసివ్వండి. దాచిపెట్టి వాంతులు చేసుకునే బులీమియా ఉన్న రోగికి లిథియం ఇవ్వడం ఎంత ప్రమాదమో ఇప్పుడు తెలిసే ఉంటుంది. మూడ్ క్లినిక్‌లో తిండి గురించి అడగాలని అంతగా చెప్పేది ఇందుకే. క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), కాల్షియం ఆరు నెలలకోసారి చూడాలి.

బాగా చిక్కిపోయినవాళ్లు కనపడితే వెంటనే బాగా తినిపించవచ్చా?

ఇంట్లో హడావుడిగా వద్దు. ఎక్కువ రోజులు పస్తున్న ఒంట్లోకి ఒక్కసారిగా పిండిపదార్థం, గ్లూకోజ్ సెలైన్ పోతే ఇన్సులిన్ పెరిగి రక్తంలో ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం కణాల్లోకి దూసుకుపోతాయి. మొదటి మూడు నుంచి ఐదు రోజుల్లో గుండె ఆగే ప్రమాదం. పెద్దవాళ్లలో బీఎంఐ 16 లోపు ఉన్నా, పది రోజులకి మించి దాదాపు ఏమీ తినకపోయినా ఆసుపత్రిలోనే మొదలుపెట్టాలి. గ్లూకోజ్‌కి ముందు థయమిన్ (విటమిన్ బీ1), రోజూ ఫాస్ఫేట్ పరీక్ష. ఇలాంటివారు ఎదురైతే ఎవరికి ఫోన్ చేయాలో పరిశోధన ప్రొటోకాల్‌లో రాసి ఉండాలి. అనొరెక్సియాలో మరణాల రేటు అదే వయసు మామూలు జనం కంటే ఐదారు రెట్లు, ఆ మరణాల్లో ఐదింట ఒకటి ఆత్మహత్య అని 2011లో అనేక అధ్యయనాలు కలిపి చూసిన లెక్క చెప్పింది. ‘సన్నబడాలన్న పిచ్చి’ అని కొట్టిపారేసే జబ్బు కాదిది.

హాస్టల్ పిల్లల దగ్గర సమాచారం తీసుకోవడానికి ప్రిన్సిపాల్ అనుమతి చాలదా?

చాలదు. 18 లోపు పిల్లలకి తల్లి లేదా తండ్రి సంతకం కావాలి. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం 12 నుంచి 18 ఏళ్ల పిల్లలు తామూ రాతపూర్వకంగా ఒప్పుకోవాలి, 7 నుంచి 12 వాళ్లు నోటిమాటగా. మానసిక జబ్బు ఉన్నవాళ్ల మీద పరిశోధనకి 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 99వ సెక్షన్ వర్తిస్తుంది. చికిత్స పరీక్షించే ట్రయల్ అయితే మొదటి మనిషిని చేర్చుకోకముందే సీటీఆర్‌ఐలో (దేశంలోని క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ) రిజిస్టర్ చేయాలి, డబ్బు కట్టక్కర్లేదు. తర్వాత చేద్దాం అనుకుంటే ఆ దారి మూసుకుపోయినట్టే.

వార్డెన్ ముందు ఫారాలు పంచకండి. పేర్లున్న కాగితం, జవాబులున్న కాగితం వేర్వేరు బీరువాల్లో ఉండాలి. ఎవరికి ఎన్ని మార్కులు వచ్చాయో కాలేజీకి ఇవ్వబోమని ముందే రాసివ్వాలి. పోటీ పరీక్షల ఒత్తిడిలో ఉన్న పిల్లవాడికి ‘డిప్రెషన్ ఉంది’ అన్న ముద్ర ఎంత చేటో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు.

ఎవరైనా ‘చచ్చిపోవాలనిపిస్తుంది’ అని టిక్ పెడితే?

ఫారం ఇంటికి తీసుకెళ్లి ఆదివారం చూసేది కాదు. పీహెచ్‌క్యూ-9 తొమ్మిదో ప్రశ్నకి సున్నా కాకుండా ఏది వచ్చినా, ఆ మనిషి అక్కడినుంచి కదలకముందే శిక్షణ ఉన్నవాళ్లు విడిగా కూర్చుని మాట్లాడాలి. ఆలోచనేనా, ఎలా అన్నది కూడా అనుకున్నారా, ముందెప్పుడైనా ప్రయత్నించారా అని అడగాలి. అడిగినందువల్ల ఆలోచన పుట్టదు. మిర్చి, పొగాకు, వరి పండే ఇళ్లలో పురుగుమందు చేతికందే దూరంలో ఉంటుంది. దాన్ని ఆ రోజే ఇంటినుంచి తీయించడం, కుదరకపోతే తాళం వేయించడం చాలా ప్రాణాలు నిలబెట్టే పని. గోప్యత హామీకి ఇది మినహాయింపు అని అంగీకార పత్రంలో ముందే ఉండాలి.

ఏడాది తర్వాత మళ్లీ చూద్దామంటే సగంమంది దొరకరు. ఏం చేయాలి?

మొదటి రోజే ఇద్దరు బంధువుల నంబర్లు తీసుకోండి, ఒకటి ఊళ్లోనే ఉండేవాళ్లది. మనవాళ్లు చెన్నై, బెంగళూరు, హైదరాబాద్ పనులకి పోయినా సంక్రాంతికి ఇంటికొస్తారు. ఫాలోఅప్ వారం ఆ పండగ చుట్టూ పెట్టుకోండి. రానివాళ్లని లెక్కలోంచి నిశ్శబ్దంగా తీసేయకండి. బాగా కోలుకున్నవాళ్లు, బాగా దెబ్బతిన్నవాళ్లు ఇద్దరూ రారు. వాళ్లు మొదటి రోజు ఎలా ఉన్నారో వచ్చినవాళ్లతో పోల్చి పట్టిక ఇవ్వండి.

జన్యువుల మీద పరిశోధన ఇక్కడినుంచి చేయొచ్చా?

ఒంటరిగా కుదరదు. 2019లో అనొరెక్సియా జన్యు అధ్యయనానికి 16,992 మంది రోగులు కావాల్సి వచ్చింది, దొరికింది ఎనిమిది జన్యుస్థానాలు. వాటిలో కొన్ని ఒంటి జీవక్రియతో కూడా ముడిపడ్డాయని తేలడం పెద్ద మలుపు. అయితే ఆ రోగులంతా యూరప్ మూలాలవాళ్లు. మన జనం అందులో లేకపోవడం నిజమైన లోటు. జిల్లా నుంచి చేయగలిగింది జాగ్రత్తగా రాసిన కేసు వివరాలతో పెద్ద బృందంలో చేరడం.

విదేశం వెళ్లక తప్పదా?

తప్పనిసరి కాదు. తిండి జబ్బుల వార్డు ఎలా నడుస్తుందో, కుటుంబంతో చేసే చికిత్స ఎలా ఉంటుందో కళ్లారా చూడటానికి కొన్ని నెలలు వెళ్తే మేలే. నేర్చుకున్నది ఇక్కడి వంటింటికి సరిపోయేలా మార్చే పని మళ్లీ ఇక్కడే చేయాలి.

‘పది రోజుల్లో ప్రచురిస్తాం’ అని మెయిల్స్ వస్తున్నాయి. పంపొచ్చా?

వద్దు. పది రోజుల్లో ఎవరూ చదివి సరిచూడరు. అలాంటి చోట వేసిన మంచి సమాచారం మళ్లీ మంచి పత్రికలో వేసుకోలేరు, శాశ్వతంగా పోయినట్టే. ఇండియన్ జర్నల్ ఆఫ్ సైకియాట్రీ లాంటివాటికి పంపి, తిరస్కరిస్తే వాళ్లు రాసిన లోపాలు దిద్దుకుని ఇంకోచోటికి పంపండి.

మా ఇంట్లో అమ్మాయి తినట్లా, మాట కూడా తగ్గించేసింది. గుళ్లకి తిప్పాం. ఇప్పుడెక్కడికి?

పెంచలకోనలో మొక్కుకున్నా, కసుమూరు దర్గాకి వెళ్లొచ్చినా తప్పులేదు. మొక్కుతో పాటు ఆసుపత్రి కూడా నడవాలి, మొక్కు కోసం వైద్యం ఆగకూడదు. కళ్లు తిరిగి పడిపోవడం, నాడి నిమిషానికి 50 లోపు ఉండటం, గొంతుక్కూర్చుని లేవలేకపోవడం, పాదాల వాపు, ఆగని వాంతులు, చావు మాటలు, వీటిలో ఏదున్నా ఓపీ కోసం ఆగకుండా క్యాజువాలిటీకి వెళ్లండి. ఈసీజీ, పొటాషియం, ఫాస్ఫరస్, షుగర్ చూడమని అడగండి. అంత తొందర లేకపోతే నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ ఆసుపత్రుల సైకియాట్రీ ఓపీకి వెళ్లండి. ముందు ఫోన్‌లో మాట్లాడాలంటే టెలీ మానస్ 14416, ఏ వేళైనా, ఉచితంగా, తెలుగులోనే.

వెళ్లేలోపు తిండి గురించి వాదించకండి, బతిమాలకండి, ‘చూడు ఎలా అయిపోయావో’ అనకండి. వేళకి కంచం పెట్టి ఒకరు పక్కన కూర్చుని తినండి, వేరే కబుర్లు చెప్పండి. తిన్న తర్వాత అరగంట తనతోనే ఉండండి. వారం రోజులు ఏ పూట ఏం తిన్నదో, నెలసరి ఆఖరుసారి ఎప్పుడు వచ్చిందో, నిద్ర ఎన్ని గంటలో ఒక కాగితం మీద రాసి డాక్టరుకి చూపించండి. ఇంట్లో ఉన్న మాత్రల స్ట్రిప్పులన్నీ ఒక సంచిలో వేసుకుని తీసుకెళ్లండి, ఆయుర్వేదం పొట్లాలు, సన్నబడే పొడులు కూడా.